సైకిల్ పుల్లలు

మా తకీలే దీవిలో సైకిల్ లేదు.
రేవు నుంచి ఊళ్ళోకి ఐదువందల పైచిలుకు మెట్లు,
చక్రానికి ఇక్కడేం పని?
అయినా ఏ మగాణ్ణి చూసినా
చేతిలో ఐదు సైకిల్ పుల్లలు.
పూనో సంతలో పాత ఇనుప సామాన్లవాడు
కట్ట కట్టి ఇస్తాడు.
బండ మీద సానబట్టి మొన తేల్చి
ఊలు మెడ వెనకనుంచి తెచ్చుకుని
అల్లుకుంటూ మెట్లెక్కుతాం, అల్లుకుంటూ గొర్రెల్ని తోలుతాం,
ఊరి సభలో చెయ్యెత్తమంటేనే ఆపుతాం.
ఆడవాళ్ళు నేస్తారు, మగవాళ్ళు అల్లుతారు.
ఎందుకలా అని పడవల్లో వచ్చినవాళ్ళు అడుగుతారు.
ఏమో, మా నాన్నని అడగాల్సింది.
ఆరేళ్ళప్పుడు నా చేతికి ఆయన ముందు ఇచ్చింది
పుల్లలు కాదు, నాగజెముడు ముళ్ళు.
తప్పు అల్లితే అవే చెప్పేవి.

విల్బెర్‌కి మూడేళ్ళు. నా కూతురి కొడుకు.
నిద్రలో ఉండగా దారంతో వాడి తల కొలిచాను.
తెల్లారేసరికి దారం ఎక్కడ పెట్టానో మరిచాను.
పోనీలే, ఆ తల నా అరచేతికి తెలీదా
అని మొదలుపెట్టాను.
అంచుకి కుచ్చుల మడత, పిల్లల టోపీకి ఉండాల్సిందే.
పైన మా ఆరు పొలాల గుర్తుగా
ఆరు గదుల పువ్వు,
ఆ పక్కన ఒక పిట్ట.
పిట్ట తోక దగ్గర ఒక కన్ను జారింది.
అద్దాలు తుడుచుకుని వెతికాను.
జారింది టోపీ కన్నో నా కన్నో
కాసేపు తేలలేదు.

మా దగ్గర అల్లినవాడే అల్లుడు.
పిల్లనిచ్చే మామ
కుర్రాడి టోపీని గిన్నెలా తిరగేసి పట్టుకుని
నీళ్ళు పోస్తాడు.
మా మామ సిప్రియానో దోసిలితో పొయ్యలేదు, ముంతతో పోశాడు.
పోసి, వాకిట్లో ఆ గోడ దాకా నడిచాడు.
ముప్పై అడుగులు.
లెక్కపెట్టక ఏం చేస్తాను,
నడుస్తున్నది నా పెళ్ళి!
చుక్క రాలలేదు.
నలభై ఆరేళ్ళుగా ఆ రాలని చుక్క కథ
ప్రతి పండక్కీ చెబుతూనే ఉన్నాను,
వద్దన్నవాళ్ళకి కూడా.

విల్బెర్ టోపీ పూర్తయిన రాత్రి
ఎవరూ చూడకుండా నీళ్ళు పోశాను.
పిట్ట తోకలోంచి కారింది.
ముందు చుక్కలుగా, తర్వాత సిగ్గులేకుండా.

అసుంత పొయ్యి దగ్గర దుంపలు కడుగుతోంది.
"కొవ్వు తెమ్మంటావా?" అంది.
ఏం కొవ్వు?
"గొర్రె కొవ్వు. ఆనాడు మా నాన్న ముంత ఎత్తకముందు
నీ టోపీ లోపల రాసింది."
దుంపల మీంచి తలెత్తలేదు.
"జల్లెడ అల్లుకొచ్చావు. నాకేమో నువ్వు నచ్చావు."

నలభై ఆరు పండగలు
ఒక్కసారి నా నెత్తిన కారాయి.
నా నడికట్టులో ఆమె జుట్టు కలిపి నేసిందని
ఊరందరికీ తెలుసు.
టోపీలో ఏం కలిపిందో
ఊరికేం, నాకే తెలీదు.
కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.
నా కడుపులో నవ్వు కదిలేసరికి
ఆమె భుజాలు అప్పటికే ఊగుతున్నాయి.

కొవ్వు వద్దన్నాను.
వాడింకా ఎవరి వాకిట్లోనూ
పరీక్షకి నిలబడక్కర్లేదు.
జారిన కన్నుని వెనకనుంచి లాగి ముడేశాను,
ఇప్పుడా పిట్టకి తోక కొంచెం వంకర.
సరస్సు మీంచి వచ్చే గాలి ఆగితే చాలు.

నిన్న టీకా వేయించడానికి
వాళ్ళమ్మ వాణ్ణి పూనో తీసుకెళ్ళింది.
పడవలో ఏడ్చి, మెట్ల మీద తల్లి వీపున నిద్రపోయి
గడపలో దించగానే లేచాడు.
టోపీ ఒక చెవి మీదకి దిగి ఉంది.
"తాతా, అక్కడ ఒకాయన
నీ పుల్లల మీద ఎక్కి పోతున్నాడు.
ముందో గుండ్రం, వెనకో గుండ్రం.
ఎన్ని పుల్లలో!
కాళ్ళతో అల్లుతున్నాడు, గిర్రుగిర్రున."

నా చేతిలోని ఐదింటినీ ఒకసారి చూసి
జాలిగా అడిగాడు.
"అంత పెద్ద టోపీ
ఎవరికి తాతా?"