నలభై ఆరు అంగుళాలు

పాయకాపురంలో, నున్న రోడ్డుకి లోపలగా,
మూడో అడ్డవీధిలో
ఎనభై నాలుగు గజాల ఇల్లు.
"కడిగిన ముత్యంలా ఉంటది మేడం" అన్నాడు నాగుల్ మీరా,
కడిగిందెవరో చెప్పకుండా.

అంతకుముందు పోరంకి దాకా తిరిగాం.
అక్కడ గజం ధర విని
మా ఆయన స్కూటరుకి స్టాండు కూడా వెయ్యలేదు.
కానూరు ఫ్లాటుకి లిఫ్టుంది, లింకు డాక్యుమెంటు లేదు.
నిడమానూరులో లింకులన్నీ ఉన్నాయి,
ఇంటికి పోయే దారే పక్కవాడి సర్వే నంబరులో ఉంది.
అందుకని ఇక్కడికి.

ఇంజినీరు ఇమ్మానుయేలు గారు రిటైరయ్యారు,
చెవి మీది పెన్సిలు ఇంకా కాలేదు.
రూపాయి బిళ్ళతో గోడని కొట్టి
తల వంచి విన్నారు.
"రెండు రకాలమ్మా.
కంటితో చూసి రాసిచ్చేది నాలుగు వేలు.
పునాది పక్కన గొయ్యి తీసి, స్లాబులో ఇనుము చూసి,
మట్టి ల్యాబుకి పంపేది ఇరవై రెండు వేలు.
మీ ఇష్టం."

మీ ఇష్టం.
పదకొండేళ్లుగా సూర్యారావుపేటలో
రక్తం తీసే బల్ల వెనక కూర్చుని
నేను అనే మాట అది.
మామూలు ప్యాకేజీ, ఫుల్ బాడీ ప్యాకేజీ.
వేళ్ల మీద లెక్కేసుకునేవాళ్ల మొహం చూడకుండా
కాగితం ముందుకు తోస్తాను.
ఇవాళ ఆ కాగితం నా వైపు తిరిగింది.

పిచ్చేశ్వర్రావుది ఒకటే గొడవ:
"వాస్తుకి మూడు వేలిచ్చాంగా, ఆయన బాగుందన్నాడుగా."
ఈశాన్యం పెరిగిందట, మంచిదట.
బుడమేరు ఏ మూల నుంచి వచ్చిందో
ఆయన్ని నేనడగలేదు.

గోడలకి లేత పచ్చ రంగు.
పైనా పచ్చే, కిందా పచ్చే.
కింది పచ్చ మాత్రం మొన్నటిది.

అమ్మే ఆవిడ వర్ధనమ్మ.
ముందు గదిలో మూడు కుట్టు మిషన్లు,
ఒకటే తిరుగుతోంది,
రెండిటికి దుప్పటి కప్పి ఉంది.
నాగుల్ మీరా ఫోనొచ్చి బయటికెళ్లాక
మెడలో టేపు తీసింది.
ఒక కొస కాలి బొటనవేలితో నేలకి తొక్కిపట్టి
రెండో కొస గోడ మీద పైకి లాగింది.
సుద్దముక్కతో చిన్న గీత గీసింది,
చంక కింద కుట్టు విప్పాలని గుర్తు పెట్టుకున్నట్టు.

"నలభై ఆరు.
టీవీల వాళ్లు మీటర్లలో చెప్పారు,
నాకు అంగుళాలే తెలుసమ్మా.
నాలుగు రోజులుంది.
పెళ్లి వాళ్లవి పద్దెనిమిది జాకెట్లు, అన్నీ లోపలే.
రంగు దిగిన గుడ్డకి డబ్బు కట్టమంటే కట్టాను."
కాసేపాగి,
"మంచి ఇల్లే. నీళ్లకి ఆ సంగతి తెలీదు."

ఆ గీత పక్కన నిలబడ్డాను.
నాకు గుండెల దాకా.
మా చిన్నదానికి తల పైన.

ఇరవై రెండు వేల పరీక్షే చేయించాం.
ఆవిడ మాట నమ్మక కాదు,
నమ్మినందుకే.
గొయ్యి తీసిన రోజు
నల్లమట్టి పారకి అంటుకుని ఓ పట్టాన వదల్లేదు.
రిపోర్టు పదిహేను పేజీలు.
పునాదికి ఢోకా లేదు. దక్షిణం దూలంలో తుప్పు.
తొమ్మిదో పేజీలో, గతంలో నీరు నిలిచిన ఎత్తు
ఒకటి పాయింటు ఒకటి ఏడు మీటర్లు.
నా ఫోనులో లెక్క కట్టి చూశాను.
టేపు అబద్ధమాడలేదు.

ఆ పేజీ బల్ల మీద పెట్టి
మా ఆయన మూడు లక్షలు తగ్గించాడు.
ఆ మాట ముందు చెప్పిందెవరో
ఆ గదిలో ఇద్దరికే తెలుసు.
ఒకరు సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు,
ఎక్కడం లేదు.
ఇంకొకరు అక్కర్లేని పేజీలు తిప్పుతున్నారు.

బయానా ఇచ్చిన సాయంత్రం
గృహప్రవేశానికని జాకెట్టు గుడ్డ తీసుకెళ్లాను.
ఖాళీ చేసేలోపు కుట్టిస్తానంది.
వద్దంటుందనుకున్నాను,
అనలేదు.
మెడలోంచి అదే టేపు తీసి
నా చుట్టూ తిప్పి దగ్గరికి లాగింది.
"ఊపిరి బిగబట్టకండి" అంది,
"కొలత తప్పొస్తది."