మామూలు గాలి

రేణిగుంట రోడ్డులో లారీ టైర్లకు
ఇరవయ్యేళ్ళుగా గాలి పట్టే మొగిలప్పను
రాత్రి పదకొండున్నరకు ఆటోలో తెచ్చారు.
కుడిచెయ్యి రాలేదు.
అంటే వచ్చింది, భుజానికి వేలాడుతూ,
ఎవరో బస్సులో మర్చిపోయిన సంచిలాగా.

"గాలి సోకిందంట సార్" అంది వళ్ళెమ్మ.
"మా వీధిలో అందురూ అదే చెప్తా ఉండారు."
స్కాను చూసి డాక్టరమ్మ గడ్డ అంది.
కాగితం మీద పక్షవాతం అని నేనే రాశాను.
రాశాక ఆ మాటలోని వాతం
మొదటిసారి కంటికి ఆనింది.
వీధివాళ్ళు పూర్తిగా తప్పేం చెప్పలేదు.

నేను ఆక్సిజన్ టెక్నీషియన్ని.
ఈ వార్డులో ఒక ప్రశ్న రెండేళ్ళుగా మంచమెక్కి ఉంది:
నెత్తురందక, చావకుండా బతక్కుండా
అంచు మీద నిలబడ్డ మెదడు ముక్కకు
ఊపిరి ఎక్కువిస్తే నిలుస్తుందా,
ఆ ఎక్కువే దాన్ని కాలుస్తుందా?
పెద్ద డాక్టరుకు తెలియదు.
తెలియదని నాలుగు పేజీల్లో రాసి
కింద వేలిముద్రకు చోటు వదిలారు.

ఒకరికి ఆక్సిజన్. ఒకరికి మామూలు గాలి.
మాస్కు ఒకటే, సీసాలో బుడగలు ఒకటే.
గోడ మీది రెండు గొట్టాలకు పచ్చగుడ్డ కట్టి
ఏది ఎవరికో కంప్యూటర్ నా ఒక్కడికే చెబుతుంది.
నర్సుకు చెప్పకూడదు. డాక్టరమ్మకు చెప్పకూడదు.
నా ముఖం కూడా చెప్పకూడదు.
వేలికి తగిలించిన మీటరు తొంభై నాలుగు దిగితే మాత్రం
చీటీ లేదు, గీటీ లేదు,
ఎవరికైనా ఆక్సిజన్ పెట్టేస్తాం.

"మామూలు గాలయితే
మా అంగట్లో ఉండాది కదా సార్" అంది ముందు.
తర్వాత చాలాసేపు కాగితం తిరగేసింది.
"చీటీ అంటే నాకు తెల్సులే.
నెలకు రెండువేలు కడతా ఉండా.
ఎవురి పేరొస్తాదో ముందే తెలిస్తే
అది చీటీ గాదు, మోసం."
మా ట్రైనింగులో మూడు రోజులు చెప్పింది
ఆమె బొటనవేలికి సిరా తుడుచుకుంటూ చెప్పింది.

గుడ్డ వెనక చెయ్యి పెట్టాను.
ఒక గొట్టం తగిలించాను.

రెండు గంటలప్పుడు కారిడార్‌లో
కొండ నుంచి దిగిన గుండ్లు నలుగురు
ఎవరి కోసమో గోడకానుకుని నిద్రపోతున్నారు.
వళ్ళెమ్మ బుడగలు చూస్తోంది.
"ఎన్ని పాయింట్లు పడతా ఉండారు?"
పది లీటర్లన్నాను. అది అబద్ధం కాదు.
"ఎక్కువ పడితే పగలదా?"
ఆ మాటకే మేం జవాబు వెతుకుతున్నామని
ఆమెకెలా చెప్పను?
టీ తెస్తానని లేచాను.

తొంభయ్యో రోజు
మొగిలప్ప ఎవరో తెలియని డాక్టరు ఒకాయన
చెయ్యి ఎత్తమన్నాడు, నడవమన్నాడు,
అన్నం ఎవరు కలిపి పెడతారని అడిగాడు.
మూడు అని వేసుకున్నాడు.
మూడంటే, నడుస్తాడు, కొన్నిటికి మనిషి కావాలి.
ఆ మూడు గాలి వల్లా, గాలి లేకా?
ఒక్క మొగిలప్ప వల్ల తేలదు.
ఇంకా రెండొందల డెబ్బై మంది రావాలి.
రావాలి అని రాస్తున్నానే,
రాకూడదని కదా కోరుకోవాల్సింది.

మొన్న నా బండి వెనక టైరు మెత్తబడితే
కావాలనే అక్కడిదాకా తోసుకెళ్ళాను.
ఎడంచేత్తో గొట్టం అందుకున్నాడు.
కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, చూస్తూ.
గేజి ముల్లు ముప్పై ఆరు దాటింది.
గోటితో వాల్వు నొక్కి కాస్త వదిలాడు.
ఆ వదిలిన గాలి నా పాదం మీద చల్లగా తగిలింది.
"ఎచ్చు... పట్టినా... సెడే సార్."
ఒక్కో మాటా తోసుకుంటూ వచ్చింది.

వళ్ళెమ్మ చిల్లర ఇచ్చింది.
అడగలేదు.
అడుగుతుందేమోనని
హెల్మెట్ అప్పటికే పెట్టేసుకున్నాను.