చక్రాల బోషాణం

కొనడానికొచ్చిన కుర్రాడు
గుమ్మంలోనే బూట్లు విప్పి అడిగాడు,
"ఎందుకమ్ముతున్నారు? ఏమైనా లోపముందా?"

కూర్చో, తెవీటా.
లిఫ్టు లేని మూడో అంతస్తుకి మారుతున్నాను, అదీ సంగతి.
లోపాలంటావా, వాటితోనే మొదలుపెడదాం.
మంచి చెప్పి చెడు దాస్తే
అది బేరం కాదు, పెళ్ళిచూపులు.

బరువు. లోపల ఏమీ లేకుండానే పందొమ్మిది కేజీలు.
పోర్ట్ కెంబ్లా ఉక్కు కర్మాగారంలో
ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపిన రిస్టో
అరవై డాలర్లకు ఇది నాకమ్ముతూ
ఎద్దు వీపు చరిచినట్టు చరిచి
"ఉక్కంటే ఇదీ" అన్నాడు.
ఆ రాత్రి మెట్లెక్కిస్తుంటే
ఉక్కంటే ఏమిటో నా నడుముకీ తెలిసింది.

లోపలి అంచులు చూడు, ముట్టుకోకు.
కత్తిపీటకైనా కాస్త జాలుంటుంది.
ఈ మచ్చ మెమరీ మార్చిన రోజుది.
ఇదేమో, ఊరికే దుమ్ము తుడిచినందుకు.

చక్రాలు నాలుగు.
ఈ ఊళ్ళో పాత ఇళ్ళన్నీ కొండవాలు మీదే కదా,
మా ఇంటి నేల తూర్పుకి వాలు.
రాత్రి బ్రేకు వెయ్యడం మరిచానా,
తెల్లారేసరికి కిటికీ కిందికి చేరి
సముద్రం కేసి చూస్తుంటుంది,
వెనకాల కేబుళ్ళు బిగుసుకుని
పలుపు తెంపుకోబోయే దూడలా.

సముద్రమంటే గుర్తొచ్చింది. ఉప్పుగాలి.
వెనక ఆ మూల గోధుమరంగు మచ్చ
మొన్నటికి పావలా అంత, ఇప్పుడు రూపాయంత.

కొత్త గ్రాఫిక్స్ కార్డు పట్టదు.
వేలెడు చోటు తక్కువై
డిస్కులు పెట్టే అరలు రంపంతో కోశాను.
వంకరగా కోశాను.
అది నువ్వు చూడలేదనుకో.

పై అరలో ఒక హంట్స్‌మన్ సాలీడు
రెండు చలికాలాలు కాపురముంది, అరచెయ్యంత.
అద్దె ఇవ్వలేదు. బొద్దింకల్నీ రానివ్వలేదు.
దాన్ని ఏ ఖాతాలో రాయమంటావు?

మంచి చెప్పమంటే నోరు తడబడుతుంది.
చప్పుడుండదు.
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగొచ్చి
నేను టీ కాచుకుంటుంటే
ఇది పని చేస్తోందో నిద్రపోతోందో తెలిసేది కాదు.
జూలైలో పాదాలు దీని పక్కకి ఆనిస్తే
నిప్పు కనబడని కుంపటి.
ఇంకా, గాజు లేదు.
మీ వాళ్ళందరూ గాజు పెట్టెలు కొంటున్నారు,
లోపల ఎర్రదీపం, నీలిదీపం, తిరిగే రెక్కలు.
నాకు పడదు, బాబూ.
నేను ఎక్స్‌రేలు తీసేదాన్ని,
పొద్దస్తమానం మనుషుల లోపలే చూస్తాను.
ఇంటికొచ్చాక
లోపలేముందో చెప్పనిది ఒక్కటైనా ఉండాలి.

ఆగు, పక్క రేకు తీస్తాను.
వెనక్కి తిప్పి చూడు, పెన్సిల్ రాతలు.
రిస్టోవి. వాళ్ళ మాసిడోనియన్ భాషలో.
మా వార్డులో ఫిజియో చదివిపెట్టింది.
"2007. ఫ్యాను మార్చాను. వాన."
"2011 మార్చి. దుమ్ము దులిపాను. వెస్నా ఆస్పత్రిలో."
"2011 మే. దులపలేదు."
ఆ తర్వాత జానెడు ఖాళీ రేకు.
ఆ ఖాళీ కింద నుంచి మొదలయ్యే గుండ్రటి అక్షరాలు నావి.
"2019. కొత్త ఫ్యాను. వేలు తెగింది."
"2020. ఇల్లు కదల్లేదు. ఇదొక్కటే కదిలింది."

తెవీటా చాలాసేపు చదివాడు,
ఒక్క అక్షరం రాకపోయినా.
"ఈ రేకుతో కలిపేనా?"

రేకు లేకుండా నలభై డాలర్లు, అన్నాను.
"రేకు లేని కేసు ఎవరు కొంటారండీ?"
నిజమే, ఎవరు కొంటారు?

అతను బూట్లు తొడుక్కోలేదు.
నేను వెళ్ళమనలేదు.
మాటల్లో పడి ఇద్దరం బ్రేకు సంగతి మరిచాం.
ఒళ్ళంతా తెరుచుకున్న బోషాణం
మెల్లగా, చప్పుడు లేకుండా,
ఒక బెత్తెడు తూర్పుకి జరిగింది.