పళ్ళెం అడుగున

గోవిందప్ప నాయకన్ వీధిలో
నా అంగడి ముందే నిలబడి
ఒకాయన ఫోన్లో వెతుకుతున్నాడు
కాటా బాగుచేసే చోటు ఎక్కడుందని.
తలెత్తితే బోర్డు కనపడుతుంది:
యతిరాజులు అండ్ సన్, తూనికల రిపేరు,
మూడు భాషల్లో, మా నాయన వేయించిన పచ్చరంగు.
తలెత్తలేదు.
ఫోను వేళచ్చేరికి పొమ్మంది.
గోనెసంచిలో కాటా మోసుకుంటూ పోయాడు.

నేను మూడో పేజీలో ఉన్నానట.
అక్క మనవరాలు ఆండాళు వేలితో తోసి తోసి చూపించింది.
పైన డబ్బు కట్టిన పేర్లు నాలుగు,
వాటి కింద, వెతికిపెట్టే కంపెనీదే సొంత సర్వీసు,
దాని కింద పటం.
పటంలో మా వీధి ఉంది,
పక్కన ఇత్తడి బిందెల కొట్టు ఉంది,
నేనున్న చోట బూడిదరంగు పలక.

ఆ మధ్యాహ్నమే తంబుచెట్టి వీధి నుంచి
లాయరమ్మ రెహానా వచ్చింది.
చిన్న వ్యాపారుల తరఫున ఢిల్లీకి ఫిర్యాదు రాస్తోందట.
ఢిల్లీ ఆఫీసు అడ్రసు కూడా
ఆ పెట్టెలోనే వెతికానని చెప్పి నవ్వింది.
"ముందు మార్కెట్ ఏదో తేల్చాలి" అంది.

నాకు తెలిసిన మార్కెట్ కొత్తవాల్ చావడి.
అది కోయంబేడుకి లేచిపోయి ఎన్నేళ్ళో.
అక్కడ ఒకడు తక్కువ తూస్తే
గంప దించకుండానే పక్క గడప ఎక్కేవాళ్ళం.
ఇప్పుడు ఊరంతటికీ ఒకటే కాటా,
పైగా తూసేవాడే అమ్ముతాడు,
తన గంప తానే తూసుకుని
నా గంప తేలిక అంటాడు.

ఎవరూ బలవంతపెట్టలేదు,
పక్క పెట్టెకి ఒక్క నొక్కుడే దూరం అని వాళ్ళ వాదన.
అవును మరి.
కొత్త ఫోను డబ్బా విప్పేసరికే
బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు
ఆ పెట్టె ముందే కూర్చుని ఉంటుంది.
తువ్వాలుకి కోట్లు ఇస్తారని రెహానా చెప్పింది.

లాయరమ్మా, ఇది రాసుకో. రాయకపోయినా సరే.
ఎనభై ఏడులో ఒక షావుకారు
నాతో సరుకు పళ్ళెం అడుగున అంటింపించాడు,
వాడమ్మే చింతపండే, ఉసిరికాయంత.
ముప్పై గ్రాములు. నాకు ఇరవై రూపాయలు.
పళ్ళేలు ఎప్పుడూ ఖాళీగా ఉండనిచ్చేవాడు కాదు.
కొనేవాళ్ళు ముల్లునే చూస్తారు,
ముల్లు నిటారుగానే ఉండేది.

తూనికల ఇన్‌స్పెక్టరు ఏమీ అడగలేదు.
అన్నీ తీసెయ్యమన్నాడు.
ఉత్త పళ్ళేలని కాసేపు ఊగనిచ్చి
కిందికి దిగినదాన్ని తిరగేశాడు.
అంతే.
ఆరు నెలలు మా అంగడి తలుపు తియ్యలేదు.
నాయన నాకు అన్నం పెట్టనిచ్చాడు గానీ
ఏడాది పాటు పేరుపెట్టి పిలవలేదు.

అందుకే అడుగుతున్నా,
దీనికి పళ్ళెం ఎక్కడుంది?
ఎప్పుడు ఖాళీ అవుతుంది?

రెహానా కలం ఆపింది.
"మేమూ అదే అడుగుతున్నాం,
వ్యాపార రహస్యం అంటున్నారు."
షావుకారూ అదే అన్నాడు ఆ రోజు ఇన్‌స్పెక్టరుతో,
అరవంలో, చేతులు కట్టుకుని.

చీకటిపడే వేళకి ఆ గోనెసంచి ఆయన తిరిగొచ్చాడు.
వేళచ్చేరిలో ఆ నంబరుకి ఇల్లే లేదట,
టీ కొట్టు పిల్లాడు నా వైపు చెయ్యి చూపించాడట.
కాటా బల్ల మీద పెట్టించాను.
ఏం పాడయిందో ఆయన చెబుతూనే ఉన్నాడు,
నేను ముందు పళ్ళెం తిరగేశాను.
అడుగున ఏమీ లేదు.
తుప్పు.