నూటపది

ఇన్నాళ్లూ గొలుసంటే తులాల్లో తూచేదే నాకు.
ఇవాళ హాలిఫాక్స్‌లో, రైలు వంతెన కమాను కింద
ఎనిడ్ అక్‌రాయ్డ్ నా దోసిట్లో కొత్త గొలుసు పోసింది.
జిడ్డుగా, చల్లగా, వాలుగపిల్లలా జారిపోతూ.
"నూటపదహారు లింకులు. నీకన్ని అక్కర్లేదు."

నూటపదహారు!
చదివింపుల అంకె.
నవ్వొచ్చింది. చెప్పబోయి మానేశాను.

పాతది పక్కన పరిచి, దానంత తెంపేద్దామన్నాను.
"అరిగిన గొలుసు సాగుతుంది. దాని మాట నమ్మకు."
పోనీ లింకులు లెక్కపెడదామన్నాను.
"షిబ్డెన్ ఎత్తెక్కలేక వెనక పెద్ద పళ్లచక్రం వేయించావుగా,
పాత లెక్కకి ఆ సంగతి తెలీదే!"

నిజమే.
రాత్రి డ్యూటీ దిగి వచ్చే పొద్దుల్లో
ఎత్తు మధ్యలో ఆగిపోయి
బస్సులో వాళ్లు చూస్తారని
టైరు నొక్కి చూస్తున్నట్టు నటించేదాన్ని.

ముందు పెద్దది, వెనక పెద్దది,
రెంటినీ చుట్టి గొలుసు లాగాం,
వేలాడే డీరైలర్ ఊసెత్తకుండా.
నూటఎనిమిది దగ్గర కొసలు కలిశాయి.
అష్టోత్తరం! ఇక చాలనిపించింది నాకు.
"ఇంకో రెండు," అంది ఎనిడ్.
మూర వేసేటప్పుడు మోచెయ్యి ముడిచే
మా మల్లెపూలావిడ గుర్తొచ్చింది.
ఈవిడ కొలతలో మాత్రం వేలి కణుపంత మొగ్గు.

పొట్టిదైతే?
"నీకు ఊపిరాడని చోటే కదా పెద్దదానికి మారుస్తావు.
అక్కడే బిగుసుకుంటుంది.
డీరైలర్ విరిగి చువ్వల్లో పడుతుంది."
పొడుగైతే?
"చిన్నదాని మీద చిన్నదేస్తే వేలాడుతుంది,
ఫ్రేముకి కొట్టుకుని గోల చేస్తుంది."
గుడ్డతో వేళ్లు తుడుచుకుంది.
"గోల నయం."

పదహారో ఏట కార్పెట్ మిల్లులో చేరిందట.
పోగు తెగిన చప్పుడు
అంత రొదలోనూ వినపడేదట.
మాది చీరాల అన్నాను. ఆమెకది ఊరో పేరో తెలీదు.
మా తాత వేళ్లూ అలాగే వంగి ఉండేవి, అది చెప్పలేదు.

పిన్ను తోసే పనిముట్టు నా చేతికిచ్చింది.
తిప్పాను. టిక్‌మని తెగింది.
కలపబోతే బయటి పలకకి బయటి పలకే ఎదురొచ్చింది.
నూటతొమ్మిది!
ఎనిడ్ ఏమీ అనలేదు.
తెంపిన ముక్కలోంచి ఒకటి విడదీసి
వెనక్కి అతికింది,
మగ్గం ఆగకముందే పోగు కలిపినంత తేలిగ్గా.

మిగిలిన ఆరూ నా యూనిఫారం జేబులో ఉన్నాయి.
వార్డులో నాడి పట్టుకుని అంకెలు లెక్కపెడుతుంటే
రెండో చేతికి తగులుతుంటాయి.

మంగళవారం పొద్దున
ఎత్తు మధ్యలో దిగలేదని చెప్పను.
దిగాను.
ఎర్ర పోస్టుపెట్టె దాటాక.