వాటం

కేప్ బ్రెటన్‌లో ఏప్రిల్.
రేవులో మంచుపలకలు ఇంకా కదల్లేదు.
మర్డీనా బ్యాండ్‌సా తలుపు తీసి
పైచక్రం రబ్బరులో గోరు గుచ్చింది.
దిగలేదు.

ఉలితో లేపితే ఎండుచేప పొలుసులా రాలింది,
నలభై ఏళ్ల రంపంపొట్టుని కరుచుకుని, నల్లగా.
బ్లేడు తొక్కిన గాడి నడిమధ్యన లేదు,
వేలెడు పక్కకి ఒరిగి ఉంది.
"ఇదా సంగతి" అంది, ఎవరితోనూ కాదు.

కొత్త టైరు చక్రంకన్నా చిన్నది.
చౌడర్ కాచే గిన్నెలో, వేడినీళ్లలో నానబెట్టింది.
ఒకవైపు ఆమె మోకాలితో అదిమితే
పక్కషెడ్డు ఆన్సెల్మ్ రెండోవైపు లాగాడు,
తిట్లు ఆమెవి గేలిక్‌లో, అతనివి ఫ్రెంచిలో.
టప్పున కూర్చుంది.

మీట నొక్కితే
కుదుపు లేదు, ఆ పాత టకటక లేదు.
సన్నటి నీటిధారలా దిగుతోంది బ్లేడు.

స్ప్రూస్ పలక మీద పెన్సిల్ గీత గీసి తోసింది.
కోత గీత దాటిపోయింది,
ఎడమకి.

రంపం తిన్నగానే ఉంది.
ఇన్నేళ్లూ దాని వంకరని సరిదిద్దిన మణికట్టు
ఇంకా సరిదిద్దుతోంది.

ఆన్సెల్మ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.
పొయ్యికోసం పక్కన పడేసిన చెక్కలు
బుట్టెడు తెచ్చుకుని
మొదటిదాని మీద గీత గీసింది.