సున్నా పాయింట్ మూడు

లెక్సింగ్టన్ శివారులో, టైర్ల షాపు వెనక,
కిటికీల్లేని గదిలో
రోవీనా ప్రూయిట్ ఆకును పొడి చేస్తోంది
గంధం తీసినంత నెమ్మదిగా.
సీసా మీద పేరు: హోబర్ట్ కాడిల్, మూడో చెక్క.

తాత పొగాకు వేసి కొన్న నేల,
తండ్రి పొగాకు వేసి సగం పోగొట్టుకున్న నేల.
మిగిలిన సగంలో ఇతను హెంప్ వేశాడు.
అదీ గంజాయే. మత్తు లేదని చట్టం వేరే పేరు పెట్టింది.
రెండు పేర్లకీ మధ్య గోడ ఎత్తు
సున్నా పాయింట్ మూడు శాతం.

యంత్రం ద్రవాన్ని సన్నటి గొట్టంలోకి తోస్తుంది.
తెర మీద గీత కాసేపు ఏమీ ఎరగనట్టు పాకి
హఠాత్తుగా లేస్తుంది.
ఒక్కో అణువు తన వేళకే వస్తుంది,
తన స్టాపులోనే బస్సు దిగే మనిషిలా.

ముందు పొట్టితోకది, టీహెచ్‌సీవీ.
మిగతావాటి తోకలో అయిదు కర్బనాలు, దీనికి మూడే.
ఆకలి చంపుతుందని కొందరంటారు.
రోవీనా ఏమీ అనదు, రాసుకుంటుంది.

తర్వాత తొమ్మిది. డెల్టా తొమ్మిది.
ఎన్ని జైళ్ళు నిండాయి దీని పేరు చెప్పి!
దాని భుజం మీద చెయ్యేసుకుని, వెనకే ఎనిమిది.
బరువొకటే, పరమాణువుల లెక్కా ఒకటే,
ఒక్క జంట బంధం ఒక గడి పక్కకి జరిగింది, అంతే.
దీర్ఘం మొదటి అక్షరం మీద పడితే మారి,
రెండోదాని మీద పడితే మరీ.
తొమ్మిది మరీ. ఎనిమిది కొంచెం మారి.

ఎదురుగా పెట్రోలు బంకులో ఆ ఎనిమిదే
పుచ్చకాయ రుచి మిఠాయిగా దొరుకుతోంది ఆ ఏడు.
గోడ దాటని హెంప్‌లోంచి వేరేదేదో తీసి
ఆమ్లంలో మరగబెట్టి చేసినది.
ఒకసారి కొని నడిపి చూసింది రోవీనా:
ఎనిమిదితో పాటు పేరులేని శిఖరాలు ఆరు.
కౌంటరు కుర్రాడు, "లీగలేనండీ" అన్నాడు.

ఆఖర్న వస్తుంది ఆమ్లరూపం, టీహెచ్‌సీఏ.
పచ్చి ఆకులో దాదాపు అంతా ఇదే.
మేక నమిలినా మేకగానే ఉంటుంది.
నిప్పు తగిలితేనే
నెత్తిమీది బొగ్గుపులుసు గాలిని దించేసి
తొమ్మిదిగా లేచి నిలబడుతుంది.
తగలని నిప్పును తగిలినట్టే లెక్కగట్టమంది చట్టం,
సున్నా పాయింట్ ఎనిమిది ఏడు ఏడుతో గుణించి.

తొమ్మిది: సున్నా పాయింట్ సున్నా నాలుగు.
ఆమ్లం: సున్నా పాయింట్ నాలుగు రెండు.
గుణించి, కలిపి,
పెన్సిలు పెట్టి మళ్ళీ కలిపి,
యంత్రం తడబాటుకి ఇవ్వాల్సిందంతా ఇచ్చినా
గోడకి ఇవతలే పడింది.

తులసివనంలో గంజాయి మొక్క అంటాం మనం,
చూడగానే తెలిసిపోయినట్టు.
ఇక్కడ ఏది తులసో చెప్పడానికి
రెండు దశాంశాలు, ఒక ద్రావణం, ఒక సంతకం.

"ఎంత?" అన్నాడు హోబర్ట్ ఫోనులో.
చెప్పింది.
ట్రాక్టరు ఆపిన చప్పుడు.
"ఆగస్టంతా చినుకు లేదు.
వారం ముందు పిలవాల్సింది శాంపిలు తీసేవాణ్ణి."
నాలుగెకరాలు. శుక్రవారం దున్నేస్తారు,
పక్కన ఎవరో ఒక అధికారి నిలబడి ఫొటో తీసుకుంటాడు.

"నా సీసా ఏం చేస్తావు?"
"ఏడాది ఉంచుతాం. తర్వాత పారేస్తాం."
ఉంచితే ఏమవుతుందని అడిగాడు.
చెప్పింది: తొమ్మిది తనంతట తనే ముసలిదవుతుంది,
గాలీ వెలుతురూ తిని తిని
సీబీఎన్ అనే మత్తుడిగినదిగా మిగులుతుంది.
కొందరు దాన్ని నిద్రకి వాడతారట.

చాలాసేపు ఏమీ అనలేదతను.
"అయితే చూసి చెప్పు," అన్నాడు,
"మూడు కిందికి ఏనాటికి దిగుతుందో.
అప్పటికి నేనూ దిగుతానేమో."
నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

శాంపిళ్ళని చీకట్లో, చల్లగా దాచాలని నియమం.
ఫ్రిజ్ తలుపు తెరిచి, కాసేపు నిలబడి, మూసేసింది.
తేదీ రాసి అంటించి
మూత ఒక చుట్టు వదులు చేసి
హోబర్ట్ కాడిల్ మూడో చెక్కని
ట్యూబులైటు కింద పెట్టింది.